బరువు ఎక్కించేదొకరు.. జరిమానా మోసేదొకరు
లారీ కాటా నిబంధనలపై కొరవడిన అవగాహన

చీమకుర్తి: నల్లని గెలాక్సీ గ్రానైటుకు దేశ విదేశాల్లో పేరుపొందిన ఈ ప్రాంతంలో క్వారీ నుంచి బయలుదేరే ప్రతి లారీకి రెండు లెక్కలుంటాయి. ఒకటి దిమ్మ కొలత, రెండోది బండి బరువు. కొలతలో తేడా వస్తే అమ్మేవారికో, కొనేవారికో నష్టం కనుక అంగుళం కూడా పోనివ్వరు. బరువులో తేడా వస్తే మాత్రం రోడ్డు మీద సమాధానం చెప్పుకోవలసింది స్టీరింగు పట్టుకున్న డ్రైవరే. ఎంత ఎక్కించాలన్నది అతని చేతిలో లేదు. ఎక్కించాక దించడమూ అతనివల్ల కాదు.

జానెడు మందంలో రెండు టన్నులు

గెలాక్సీ రాయి ఘనపు మీటరు సుమారు 3 టన్నులు తూగుతుంది. రెండున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, మీటరున్నర మందం ఉన్న దిమ్మ అంటే దాదాపు 17 టన్నులు. అదే దిమ్మను మరో 20 సెంటీమీటర్లు, అంటే సుమారు జానెడు మందంగా కోస్తే అదనంగా రెండుంపావు టన్నులు పెరుగుతుంది. కంటికి అంత తేడా కనిపించదు. కాటా ఎక్కితే గాని తెలియదు. బియ్యమో, సిమెంటో అయితే పది బస్తాలు దించి బయటపడవచ్చు. రాతి దిమ్మను నడిరోడ్డు మీద కోయలేరు, క్రేను లేనిదే కదపలేరు. కాబట్టి ఈ సరుకు విషయంలో బరువు తప్పు జరిగేదీ, సరిదిద్దుకోవలసిందీ క్వారీలోనే.

దారిలో ఆపితే ఏమవుతుంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలో రాసిన మొత్తం బరువుకు మించి ఏ బండీ రోడ్డెక్కరాదు. మొత్తం బరువంటే ఖాళీ బండి, సరుకు కలిపి. అనుమానం వస్తే తూకం వేయించే అధికారాన్ని 114వ సెక్షను రవాణా శాఖ అధికారికి, అంటే మన వాడుకలో బ్రేకు ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది. బండి ముందుకు సాగే దారిలో 10 కిలోమీటర్లలోపు గాని, గమ్యస్థానానికి 20 కిలోమీటర్లలోపు గాని ఉన్న కాటాకు తీసుకెళ్లమని ఆయన ఆదేశించవచ్చు. డ్రైవర్లు గుర్తుంచుకోవలసిన దూరాలివి.

తూకంలో ఎక్కువ తేలితే అదనపు సరుకు దించమని అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. ఆ వివరాలు పర్మిట్టు మీద నమోదు చేసి, పర్మిట్టు ఇచ్చిన కార్యాలయానికి కూడా తెలపాలి. దించేదాకా బండి కదలరాదు. దించిన సరుకుకు ఏమైనా జరిగితే ఆ పూచీ బండివారిదే.

2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణతో 194వ సెక్షను కింద జరిమానా 20 వేల రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు మరో 2 వేలు అయింది. అంతకుముందు ఇది 2 వేలు, టన్నుకు వెయ్యి మాత్రమే. ఉదాహరణకు 18.5 టన్నుల పరిమితి ఉన్న లారీ కాటా మీద 23.5 టన్నులు చూపితే అయిదు టన్నులకు 10 వేలు కలిపి మొత్తం 30 వేలు. దించుడు ఖర్చులు వేరు. బండి ఆపకుండా పోయినా, తూకానికి ముందే సరుకు దించేసినా 40 వేలు.

చలానా కట్టినంత మాత్రాన..

జరిమానా కట్టేశాం కాబట్టి అదే లోడుతో పోవచ్చునన్న అభిప్రాయం లారీల వారిలో ఎప్పటినుంచో ఉంది. ఇది పొరపాటు. ఒకప్పుడు కొన్ని రాష్ట్రాలలో రుసుము కట్టించుకొని అధిక లోడును పోనిచ్చే పద్ధతి ఉండేది. పరమ్‌జీత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 2005 నవంబరు 9న దీనిని తప్పుపట్టింది. డబ్బు కట్టినా అదనపు బరువు దించవలసిందేనని స్పష్టం చేసింది. చలానా జరిగిన తప్పుకు రసీదే గాని, ముందుకు పోవడానికి అనుమతి పత్రం కాదు. నేషనల్ పర్మిట్టు విషయమూ అంతే. అది రాష్ట్రాలు దాటడానికి పనికివస్తుంది, పరిమితి దాటడానికి కాదు.

మినహాయింపు ఎవరికి?

మినహాయింపు అనే మాట చుట్టూ కూడా చాలా గందరగోళం ఉంది. 66వ సెక్షను ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలకు మించని సరుకు బండ్లకు పర్మిట్టు అక్కరలేదు. ట్రాలీ ఆటోల వారికి ఇది వర్తిస్తుంది. అయితే మినహాయింపు పర్మిట్టుకే గాని బరువుకు లేదు. చిన్న బండి అయినా తన పరిమితి దాటితే శిక్షార్హమే.

రెండో రకం మినహాయింపు భారీ యంత్రసామగ్రికి. విద్యుత్ కేంద్రాల ట్రాన్స్‌ఫార్మర్లు, కర్మాగారాల బాయిలర్లు వంటివి ముక్కలుగా విడదీసి పంపడానికి వీలుకాదు. వీటిని ఎక్కువ ఇరుసులున్న హైడ్రాలిక్ ట్రైలర్ల మీద తరలించడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. జాతీయ రహదారులకు కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ అనుమతి ఇస్తుంది. ఏ దారిన పోవాలి, ఆ దారిలోని వంతెనలు ఆ భారాన్ని ఆపుతాయా అన్నవి ఇందులో కీలకం. బండి పక్కలకు, పైకి, వెనుకకు సరుకు పొడుచుకు వచ్చినా 20 వేల జరిమానా ఉన్నది. ఫలానా సరుకుకు అధికార సంస్థ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చి ఉంటేనే అది వర్తించదు. క్వారీలో దిమ్మ పెద్దదిగా కోశాం అన్నది మాత్రం మినహాయింపుకు కారణం కాజాలదు.

రోడ్డు గోడు

ప్రభుత్వం బండ్ల బరువు పరిమితిని పెంచలేదని కాదు. 2018 జూలైలో కేంద్రం రెండిరుసుల లారీకి 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచింది. వెనుక నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నులు ఉన్నది 11.5 అయింది. ఆ పెంపునూ మించి ఎక్కిస్తే రోడ్డు తట్టుకోలేదు. ఇరుసు మీద భారం రెండింతలైతే రోడ్డుకు హాని సుమారు పదహారింతలవుతుందని అమెరికాలో 1958-60 మధ్య జరిగిన పరీక్షలు తేల్చాయి. ఆ లెక్కన అయిదో వంతు ఎక్కువ వేసినా హాని రెండింతలే. గుంతలు పడిన రోడ్డు మీద అదే లారీ కమాను పట్టీలు విరుగుతాయి, టైర్లు పగులుతాయి. వెనుక మోటారు సైకిలు మీద వచ్చేవారి ప్రాణాల మీదికీ వస్తుంది.

పోయేది డ్రైవరు లైసెన్సు

జరిమానా అయినా యజమాని కట్టవచ్చు. లైసెన్సు పోతే ఎవరూ ఇవ్వలేరు. సరుకు బండ్లలో అధిక లోడుకు కనీసం మూడు నెలలు డ్రైవింగు లైసెన్సు సస్పెండు చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలను ఆదేశించింది. మూడు నెలలు బండి ఎక్కకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? అంత లోడు వద్దంటే రేపటి ట్రిప్పు మరొకరికి పోతుందన్న భయం ఒకవైపు, దారిలో తూకం భయం మరొకవైపు. ఈ రెంటి మధ్య నలిగేది డ్రైవరే.

నిజానికి చట్టం డ్రైవరు ఒక్కరినే పట్టుకోమని చెప్పలేదు. బండి నడిపినవారితోపాటు నడిపించినవారు, నడపనిచ్చినవారు కూడా బాధ్యులేనని 194వ సెక్షను చెబుతున్నది. ఈ మాట కాగితం మీదనే ఉండిపోరాదు.

కాటా చీటీయే రక్ష

లోడు ఎక్కగానే క్వారీ వద్దనో, దగ్గరలోని వేబ్రిడ్జి వద్దనో తూకం వేయించి, తేదీ, సమయం, బండి నంబరు ఉన్న కాటా చీటీని డ్రైవరు చేతికి ఇవ్వడం ఉత్తమం. ఎక్కువ తేలితే అక్కడే క్రేను ఉంటుంది, అక్కడే దించవచ్చు. ఆ కాటా కూడా సరైనదై ఉండాలి. తూనికలు కొలతల శాఖ వేబ్రిడ్జీలను ప్రతి 12 నెలలకు ఒకసారి పరీక్షించి ముద్ర వేయవలసి ఉన్నది. ముద్ర గడువు ఎప్పటివరకు ఉందో డ్రైవర్లు అడిగి చూసుకోవచ్చు.

క్వారీ యజమానులు బండి పరిమితిని ముందుగా చూసి దిమ్మ కేటాయించడం, కాటా చీటీ లేనిదే లారీని గేటు దాటనివ్వకపోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. తనిఖీలో ఎక్కువ బరువు పట్టుబడినప్పుడు ఎవరు ఎక్కించారన్నది కూడా అధికారులు విచారించవలసి ఉన్నది. ఎక్కించిన చేతికీ చలానా అందిన రోజున కాటా దాకా పోకుండానే సగం అధిక లోడు తగ్గుతుందనడంలో సందేహం లేదు.