కార్యాలయ కంప్యూటర్లపై కాలర్ ఐడీ ప్రదర్శన: సాంకేతిక, భాషా పరిశీలన (తిరువూరు నేపథ్యం)

వ్యాససంగ్రహం:
కార్యాలయానికి ఫోన్ రాగానే ఆ నంబరు, దానికి సంబంధించిన పేరు, పూర్వ వివరాలు ఉద్యోగి కంప్యూటర్ తెరపై చిన్న గవాక్షంగా ప్రత్యక్షమయ్యే ఏర్పాటును వ్యవహారంలో 'కాలర్ ఐడీ పాప్-అప్' అంటున్నారు. ఈ ఏర్పాటు పనిచేసే తీరును వివరించడం, తెలుగు పేర్లు, తెలుగు లిపి, తెలుగు మర్యాద వాచకాలు దీనిలో కలిగించే ప్రత్యేక సమస్యలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రాష్ట్ర సరిహద్దుకు సమీపంలో ఉన్న తిరువూరు పట్టణం ఈ పరిశీలనకు నేపథ్యం. తెరపై కనిపించేది నంబరు నమోదైన పేరే గాని మాట్లాడుతున్న వ్యక్తి కాదన్న భేదాన్ని తెర మీది వాక్యమే స్పష్టం చేయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కాలర్ ఐడీ, పాప్-అప్, టెలిఫోనీ, తెలుగు లిపి, యూనికోడ్, మర్యాద వాచకాలు, తిరువూరు.

1. ఉపోద్ఘాతం:
2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ అమలులోకి వచ్చింది. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న తిరువూరు నాటి నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమై, రెవెన్యూ డివిజన్ కేంద్రంగా ఉంది. పొరుగునే తెలంగాణలోని ఖమ్మం జిల్లా. ఇటువంటి పట్టణాలలోని కార్యాలయాలకు, ఆసుపత్రులకు, వ్యాపార సంస్థలకు చుట్టుపక్కల గ్రామాలవారు బస్సెక్కి రావడానికి ముందు ఫోన్ చేసి సంగతి కనుక్కోవడం నేడు పరిపాటి. ఆ ఫోన్ ఎత్తే ఉద్యోగికి అవతలి వ్యక్తి ఎవరో, ఇంతకుముందు ఏ పని మీద సంప్రదించారో వెంటనే తెలిస్తే ఇద్దరికీ కాలం కలిసివస్తుంది. ఈ అవసరం నుంచే పాప్-అప్ ఏర్పాటు పుట్టింది. అయితే తెరపై కనిపించిన సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలి, ఏ మాటలతో చూపాలి అన్నవి సాంకేతికతకు మాత్రమే పరిమితమైన ప్రశ్నలు కావు.

2. నంబరు తెర దాకా చేరే విధం:
పిలుపుతో పాటు నంబరు రావడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది సాధారణ ల్యాండ్‌లైన్. ఉత్తర అమెరికా పద్ధతిలో మొదటి గంటకు, రెండవ గంటకు మధ్య ఉండే విరామంలో సెకనుకు 1200 బిట్ల వేగంతో నంబరు ప్రసారమవుతుంది. అందుకే అటువంటి లైన్లలో తొలి గంట ముగిశాకే నంబరు కనబడుతుంది. రెండవది పెద్ద కార్యాలయాలు వాడే పీఆర్‌ఐ లైను. మన దేశంలో వాడే రకంలో ఒకేసారి 30 సంభాషణలకు మార్గాలుంటాయి. నంబరు వంటి సంకేతాలు వాటితో కలవకుండా వేరొక మార్గంలో వస్తాయి. మూడవది ఇంటర్నెట్ పద్ధతిలో పనిచేసే సిప్. 2002లో వెలువడిన దీని ప్రామాణిక పత్రం ప్రకారం పిలుపు సందేశంలోనే నంబరుతో పాటు పేరు కూడా ఉండవచ్చు.

ఇలా వచ్చిన నంబరును కార్యాలయంలోని టెలిఫోన్ ఎక్స్ఛేంజి, అంటే పీబీఎక్స్, కంప్యూటర్‌కు అందించాలి. ఈ అనుసంధానానికి 1993లో మైక్రోసాఫ్ట్, ఇంటెల్ సంస్థలు టాపీ అనే ప్రమాణాన్ని రూపొందించాయి. 1999లో మార్క్ స్పెన్సర్ ప్రారంభించిన ఆస్టరిస్క్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాకతో సాధారణ కంప్యూటర్‌నే పీబీఎక్స్‌గా మార్చుకొనే వీలు చిన్న సంస్థలకు కలిగింది. ఆస్టరిస్క్ ప్రతి పిలుపులోని ప్రతి మార్పును ఒక సంఘటనగా ప్రకటిస్తుంది. పిలుపు వచ్చింది, ఫలానా బల్లపై ఫోన్ మోగుతోంది, ఎత్తారు, పెట్టేశారు అన్నవి ఆ సంఘటనలు. వాటిని గమనించే చిన్న ప్రోగ్రాము నంబరును గ్రహించి, కార్యాలయ దత్తాంశంలో వెదికి, దొరికిన వివరాలను సంబంధిత ఉద్యోగి తెరకు పంపుతుంది.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. పిలుపు ఎక్స్ఛేంజిని చేరిన క్షణంలోనే పాప్-అప్ చూపితే అది అందరి తెరలపైనా తెరుచుకుంటుంది. ఏ బల్లపై ఫోన్ మోగుతున్నదో ఆ సంఘటన వరకు ఆగి, ఆ ఒక్క తెరకే పంపడం సరైన పద్ధతి. పిలుపును వేరొక ఉద్యోగికి బదిలీ చేసినప్పుడు గవాక్షం కూడా వెంట వెళ్లాలి. లేకపోతే ఫోన్ చేసినవారు తమ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది.

3. ఒకే నంబరు, పలు రూపాలు:
దత్తాంశంలో నంబరు దొరకకపోవడానికి తరచు కారణమయ్యేది రాత భేదం. ఒకే మొబైల్ నంబరును ఒకరు పది అంకెలుగా, మరొకరు ముందు సున్నా చేర్చి, ఇంకొకరు 91 చేర్చి నమోదు చేస్తారు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసే పిలుపులకు ముందు సున్నా తప్పనిసరి కావడంతో ఈ అలవాటు మరింత బలపడింది. ల్యాండ్‌లైన్ విషయంలో విజయవాడకు 0866 ఉన్నట్లు ఊరి కోడ్ ఉంటుంది. స్థానికులు దానిని వదిలేసి రాస్తారు. మన దేశంలో మొదటి సున్నా తీసివేస్తే కోడ్‌తో కలిపిన ల్యాండ్‌లైన్ నంబరు, మొబైల్ నంబరు రెండూ పది అంకెలే. కాబట్టి ఖాళీలు, గీతలు తొలగించి, ఊరి కోడ్ లేనిచోట చేర్చి, చివరి పది అంకెలను మాత్రమే పోల్చే నియమం పెట్టుకుంటే దేశీయ నంబర్ల వరకు ఈ చిక్కు తీరుతుంది.

4. నంబరు ఊరును చెప్పదు:
పూర్వం కోడ్‌ను బట్టి ఊరు తెలిసేది. మొబైల్ నంబరుకు ఆ గుణం లేదు. టెలికాం విభజనలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ నేటికీ రెండు తెలుగు రాష్ట్రాలకూ ఉమ్మడిగా ఉంది. దానికి తోడు 2015 జూలై 3 నుంచి ఏ సర్కిల్ నంబరునైనా మరొక సర్కిల్‌కు తీసుకుపోయే సౌకర్యం వచ్చింది. తిరువూరు వారి నంబరుకూ, పొరుగు ఖమ్మం జిల్లా గ్రామస్థుల నంబరుకూ తెరపై ఒకే ప్రాంతం పేరు కనిపించడానికి కారణమిదే.

ఈ సంగతి ప్రాణం మీదికి వచ్చే సందర్భం అత్యవసర సేవ. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 సేవ తెలుగువారికి సుపరిచితమైన కాల్ సెంటర్. అటువంటి కేంద్రంలో నంబరు తెరపై కనిపిస్తున్నా, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారని ఉద్యోగి అడిగే తీరాలి. సరిహద్దు గ్రామంలోని ఫోను పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకొనే అవకాశం ఉన్నందున మండలం, జిల్లా పేర్లతో సహా అడగడం మరింత అవసరం. తెరను చూసి ప్రశ్నను దాటవేస్తే వాహనం దారి తప్పుతుంది.

5. తెలుగు పేరు, తెలుగు లిపి:
రోమన్ లిపిలో ఒకే 'వేంకటేశ్వరరావు' అనేక విధాలుగా నమోదవుతుంది. 'శ' కు ఒకరు ఒక అక్షరం, మరొకరు రెండు అక్షరాలు వాడతారు. 'రావు'ను కొందరు కలిపి, కొందరు విడదీసి రాస్తారు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకొకచోట పొడి అక్షరంగా, వేరొకచోట చివరన ఉంటుంది. అందువల్ల పేరును బట్టి కాక నంబరును బట్టి వెదకడమే నిలకడైన పద్ధతి. పేరును తెలుగులోనే భద్రపరిస్తే రోమన్ రాతల గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

అయితే లిపికి తగిన చోటు ఇవ్వాలి. యూనికోడ్‌లో 'లక్ష్మి' అన్న మాట ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఏడు సంకేతాల కూర్పు. ప్రచారంలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. అంటే ఈ రెండక్షరాల పేరుకు 21 బైట్లు. అమెరికా కాలర్ ఐడీలో పేరుకు కేటాయించినది 15 అక్షరాలే. అదే కొలతను 15 బైట్లుగా అనుకరించిన పట్టికలో ఈ పేరు 'లక్ష్' దగ్గర తెగిపోతుంది. 'వేంకటేశ్వరరావు'కు 14 సంకేతాలు, 42 బైట్లు. తెలుగు పేర్లకు స్థలాన్ని రోమన్ అక్షరాల లెక్కన నిర్ణయించకూడదు.

6. తెర మీది వాక్యం:
ఈ పరిశీలనలో భాషాపరంగా కీలకమైన అంశం ఇది. సాధారణంగా గవాక్షంపై 'ఫలానావారు మాట్లాడుతున్నారు' అన్న అర్థంలో పేరు చూపుతారు. నిజానికి తెరకు తెలిసినది ఆ నంబరు ఎవరి పేరున ఉన్నదన్నది మాత్రమే. ఒకే ఫోనును ఇంటిల్లిపాదీ వాడే కుటుంబాలు మన గ్రామాలలో అనేకం. తండ్రి పేరున ఉన్న ఫోనులో కూతురు, అత్త పేరున ఉన్న ఫోనులో కోడలు మాట్లాడవచ్చు. పిలుపుతో పాటు పేరు చూపే సీఎన్‌ఏపీ విధానం గురించి ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో చేసిన సిఫార్సులకు కూడా కనెక్షన్ దరఖాస్తులో ఉన్న పేరే ఆధారం. అది వచ్చినా ఈ భేదం తొలగదు.

కాబట్టి 'పిలుస్తున్నవారు' అనడానికి బదులు 'ఈ నంబరు నమోదైన పేరు' అని తెరపై రాయడం సత్యానికి దగ్గర. ఆ ఒక్క మాట ఉద్యోగిని జాగ్రత్తగా ఉంచుతుంది. పలకరింపులో తెలుగు వ్యాకరణమే తోడ్పడుతుంది. 'అమ్మా', 'అయ్యా' అన్న సంబోధనలకు అవతలివారు స్త్రీయో పురుషుడో ముందే తెలియాలి. 'చెప్పండి' అన్న మధ్యమ పురుష బహువచన క్రియకు లింగభేదం లేదు, గౌరవం ఉంది. 'ఎవరు మాట్లాడుతున్నారండీ?' అన్న ప్రశ్నా అంతే. 'నమస్కారం, చెప్పండి' అని మొదలుపెట్టి, పేరును అవతలివారి నోట విన్న తరువాతే సంబోధనను ఎంచుకోవడం ఉచితం.

7. గోప్యత:
పేరు విషయంలో పొరపాటు మర్యాద లోపంతో ఆగవచ్చు. వివరాల విషయంలో ఆగదు. ఆసుపత్రి ఉద్యోగి తెర చూసి, ఫోన్ ఎత్తినవెంటనే పరీక్ష ఫలితం చెబితే రోగి దాచుకోదలచిన సంగతి ఇంట్లో మరొకరికి చేరుతుంది. పైగా ఇంటర్నెట్ ఆధారిత పిలుపులలో వేరొకరి నంబరు కనిపించేలా మోసగించడం సాధ్యమే. అందుచేత నంబరును గుర్తింపు పత్రంగా పరిగణించకూడదు. గవాక్షంలో మొదట పేరు, గత సంప్రదింపు తేదీ మాత్రమే చూపి, వ్యక్తిని నిర్ధారించుకున్నాకే మిగతా వివరాలు తెరవాలి. సందర్శకులకు కనిపించేలా కంప్యూటర్‌ను అమర్చడం కూడా తగదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చేసిన చట్టం దృష్ట్యానూ ఈ జాగ్రత్తలు అవసరం.

8. ముగింపు:
కాలర్ ఐడీ పాప్-అప్ సాంకేతికంగా క్లిష్టమైనది కాదు. నంబరును పది అంకెలకు కుదించడం, మోగుతున్న ఫోనుకు చెందిన తెరకే పంపడం, తెలుగు పేరుకు తగిన చోటు ఇవ్వడం దీనిలోని ముఖ్య నియమాలు. వీటికన్నా విలువైనది తెర హద్దును గుర్తించడం. నంబరు ఊరును చెప్పదు, పేరు మాట్లాడే మనిషిని చెప్పదు. ఆ రెండింటినీ అడిగి తెలుసుకోవలసిన బాధ్యత ఉద్యోగిదే. కార్యాలయ వ్యవహారంలో తెలుగు వినియోగాన్ని పరిశీలించేవారు లేఖలు, ఉత్తర్వులతో పాటు ఇటువంటి తెర వాక్యాలను కూడా అధ్యయన పరిధిలోకి తీసుకోవలసిన అవసరం ఉంది.