గడ్డి మంట గడప దాకా రాకముందే

శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే మీద ఏ మూల మంట పుట్టినా మూడు నిమిషాలు మించకుండా ఫైరింజన్ అక్కడికి చేరాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన కొలత ఇది. వీలైతే రెండు నిమిషాల్లోనే చేరాలని కూడా ఆ సంస్థ సూచిస్తుంది. ప్రహరీ గోడకు ఇవతలి సంగతి వేరు. మామిడిపల్లి, పహాడీ షరీఫ్, జల్‌పల్లి, తుక్కుగూడ, బాలాపూర్ వైపు రేకుల ఇళ్లు, టార్పాలిన్ గుడిసెలు, పాత సామాను గోదాములు, వాటి వెనుకే బీళ్లు, గుట్టలు, అమ్ముడుపోని వెంచర్లు. ఇక్కడ మూడు నిమిషాల్లో వస్తామని మాట ఇచ్చినవారు ఎవరూ లేరు. ఇరుకు గల్లీలు, కరెంటు తీగలు, రోడ్డుకు అడ్డంగా నిలిపిన బండ్లు దాటుకుని ఫైరింజన్ రావాలి. అది వచ్చేలోపు ఏం జరుగుతుందన్నది మనం జనవరిలో ఏం చేశామన్న దాన్నిబట్టే ఉంటుంది. ఈ వ్యాసం చెప్పదలచింది ఆ ఒక్క విషయమే.

అగ్ని ప్రమాదం అనగానే దాతలకు గుర్తొచ్చేది కాలిపోయిన ఇంటికి దుప్పట్లు, బియ్యం, వంటపాత్రలు పంపడం. అది అవసరమే, ఆపమని ఎవరూ అనరు. అయితే మంట రాకముందు పెట్టే ఖర్చు అందులో చిన్న భాగమే. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియాలంటే మంట ఎలా నడుస్తుందో ముందు తెలియాలి.

తెలంగాణలో కంచ అంటే ముళ్లకంచె మాత్రమే కాదు, పశువులు మేసే పొదల నేల కూడా. విమానాశ్రయం చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు ఇలాంటి నేలే ఎక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలకు గడ్డి మోకాలు దాటి పెరుగుతుంది. పశువులు ఉన్న రోజుల్లో అది సగం కడుపుల్లోకి పోయేది. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు పడ్డాయి, మేపేవాళ్లు తగ్గారు, గడ్డి మాత్రం పెరుగుతూనే ఉంది. సంక్రాంతి నాటికి పసుపు రంగుకు తిరిగి, ఫిబ్రవరిలో నలిపితే పొడి అవుతుంది. మధ్యలో సర్కారు తుమ్మ పొదలు, గాలికి కొట్టుకొచ్చి వాటికి పట్టుకున్న ప్లాస్టిక్ సంచులు. ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా మధ్యాహ్నం వేళ గాలిలో తేమ బాగా పడిపోతుంది. ఆ సమయంలో ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క చాలు, చెత్తకుప్పకు ఎవరో పెట్టిన నిప్పు చాలు.

గడ్డి మంట తక్కువ ఎత్తులో, చాలా వేగంగా పోతుంది. గాలి తోడైతే మనిషి పరుగు కూడా చాలదు. గుట్ట ఎక్కేటప్పుడు ఇంకా వేగం అందుకుంటుంది. వాలు పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా మంట వేగం సుమారు రెట్టింపవుతుందని అగ్నిమాపక శిక్షణలో నేర్పుతారు. కాబట్టి పహాడీ షరీఫ్ లాంటి గుట్టల పక్కన ఉండేవాళ్లు పొగ కనిపిస్తే పైకి కాదు, పక్కకీ కిందికీ పోవాలి.

అడవుల్లో ఈ పోరాటానికి ఒక పద్ధతి ఉంది. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం లాంటి చోట్ల అటవీ శాఖ వేసవికి ముందే ఫైర్ లైన్లు వేస్తుంది. అంటే దారుల వెంట, హద్దుల వెంట కొన్ని మీటర్ల వెడల్పున ఆకులు, గడ్డి ఊడ్చేసి మట్టి తేలేలా చేయడం. మంట అక్కడికి వచ్చి తినడానికి ఏమీ లేక ఆగుతుంది. ఎండాకాలమంతా కాపలాకు స్థానిక యువకులను ఫైర్ వాచర్లుగా పెట్టుకుంటారు. ఆకులు ఊదే బ్లోయర్లు ఇస్తారు. ఈ పని ముందు జరగని చోట తర్వాత ఎంత తెచ్చినా కష్టమే. 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లతో నీళ్లు పోయించాల్సి వచ్చింది.

ఉపగ్రహాలు చూస్తున్నాయి కదా అని కొందరు అడుగుతారు. నిజమే, ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలు గుర్తించిన మంటల సమాచారాన్ని ఫోన్ సందేశాలుగా అటవీ సిబ్బందికి పంపుతుంది. అయితే అందులో మెరుగైన పరికరానికి కూడా ఒక్కో చుక్క 375 మీటర్ల చదరం. ఆ ఉపగ్రహాలు రోజుకు కొన్నిసార్లు మాత్రమే మన మీదుగా పోతాయి. అర ఎకరం ఖాళీ వెంచర్‌లో పుట్టి ఇరవై నిమిషాల్లో గోదాము దాకా వచ్చే మంట వాటి కంట పడకపోవచ్చు. దాన్ని ముందు చూసేది మూల మీద టీ కొట్టు ఆయనే.

ఇప్పుడు పట్టణం సంగతి. మన హైదరాబాద్‌లో ప్యారడైజ్ అంటే సికింద్రాబాద్ చౌరస్తా, బిర్యానీ గుర్తొస్తాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో అదే పేరుతో కొండ మీద ఒక చిన్న పట్టణం ఉంది, జనాభా సుమారు 26 వేలు ఉండేది. 2018 నవంబర్ 8 ఉదయం విద్యుత్ లైను దగ్గర పుట్టిన కార్చిచ్చు కొన్ని గంటల్లోనే ఆ పట్టణాన్ని దాదాపు పూర్తిగా మింగేసింది. 85 మంది చనిపోయారు. చుట్టుపక్కలతో కలిపి 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. తర్వాత తీసిన ఫోటోల్లో వింతగా ఒకటి కనిపించింది. ఇల్లు బూడిదై ఉంది, దాని పక్కనే చెట్టు పచ్చగా నిలబడి ఉంది. అంటే పెద్ద మంట గోడలా వచ్చి ఇంటిని ముంచలేదు. గాలిలో ముందుగా ఎగిరొచ్చిన నిప్పురవ్వలు చూరులో దూరాయి, గోడకు ఆనించిన కట్టెల్లో పడ్డాయి, పైకప్పు మీది ఎండుటాకులను అంటించాయి. తర్వాత ఒక ఇల్లు పక్క ఇంటిని కాల్చింది.

ఆ పట్టణం ఇప్పుడు ప్రమాదం తగ్గించుకునే పనిలో ఉంది. ఊరి అంచున భూములు కొని పొదలు పలుచన చేసిన పచ్చిక పట్టీగా ఉంచుతున్నారు, కరెంటు తీగలు భూమిలోకి దింపుతున్నారు, సైరన్ స్తంభాలు పెట్టారు. వీటిలో చాలా వరకు మన శక్తికి మించినవి. మనకు పనికొచ్చేది అన్నింటికంటే చవకైనది: ఇంటి చుట్టూ మొదటి ఐదడుగుల్లో కాలే వస్తువు ఏదీ ఉండకూడదు. కాలిఫోర్నియా అగ్నిమాపక అధికారులు ముందుగా చెప్పేది ఇదే. తర్వాతే ముప్పై అడుగులు, వంద అడుగులు.

మన బస్తీల్లో ఆ ఐదడుగుల్లో ఏముంటాయో ఒకసారి చూడండి. వంటకు దాచిన కట్టెలు, అట్టపెట్టెలు, పాత టైర్లు, ఏరుకొచ్చిన ప్లాస్టిక్ మూటలు, రేకు ఎగిరిపోకుండా పైన పెట్టిన బరువులు, ఎండకు పెళుసుబారిన పట్టా. ఏరుకుని బతికేవారికి అది చెత్త కాదు, వారం సంపాదన. తీసేయమంటే తీయరు, తీయకపోవడం తప్పూ కాదు. గోడకు దూరంగా పెట్టుకోవడానికి ఒక చోటు చూపించాలి. నాలుగు గోడలు, ఒక ఇనుప తలుపు ఉన్న ఉమ్మడి షెడ్డు ఒక్కటి కట్టిస్తే, ఇరవై ఇళ్ల వెనుక పేరుకున్న సామాను అక్కడికి పోతుంది. ఆ షెడ్డు మీద గానీ లోపల గానీ ఎవరూ నిద్రపోకూడదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో స్క్రాప్ గోదాము అంటుకుని పైన నిద్రిస్తున్న 11 మంది బీహార్ కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. అది గడ్డి మంట కాదు. కాని పాత సామాను మీద మనుషులు పడుకుంటే నిప్పు ఎటునుంచి వచ్చినా అంతే.

ఇంకో చిక్కు ఉంది. ఇంటికీ ఇంటికీ మధ్య ఐదడుగులు కాదు, అడుగు కూడా లేని చోట ఈ లెక్క ఎలా? నా ఉద్దేశంలో వరుస మొత్తాన్ని ఒకే ఇల్లు అనుకోవాలి. ఇరవై గుడిసెల వరుసకు బీడు వైపున్న అంచు వెంట పది, పదిహేను అడుగుల వెడల్పున గడ్డి కోసి, మట్టి తేలేలా గీకాలి. బ్రష్ కట్టర్ ఉంటే మనుషులు ఇద్దరు, పారలు నాలుగు, రెండు రోజుల పని. కోసిన గడ్డిని అక్కడే కుప్ప వేసి తగలబెట్టకూడదు. అలా పెట్టిన మంటే చేజారుతుంది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో దేశమంతటా నిషేధించింది. జరిమానా మామూలుగా 5 వేలు, పెద్దఎత్తున కాలిస్తే 25 వేల రూపాయలు. పశువులున్నవారిని పిలిస్తే ఎండుగడ్డి తీసుకుపోతారు. మార్చిలో మళ్లీ ఒకసారి చూడాలి, ఎందుకంటే గాలికి ఆకులు, సంచులు వచ్చి అదే పట్టీలో పడతాయి.

నేల ఎవరిదన్నది వేరే తలనొప్పి. శంషాబాద్ 2018లో మున్సిపాలిటీ అయింది, 2025 చివర గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. బోర్డు మారినా గడ్డి యజమానులు మారలేదు. రిజర్వు ఫారెస్టు అటవీ శాఖది, ఉందానగర్ మీదుగా పోయే పట్టాల పక్క నేల రైల్వేది, ఔటర్ రింగ్ రోడ్డు అంచులు హెచ్‌ఎండీఏవి, తీగల కింది పొదలు కొట్టించాల్సింది విద్యుత్ సంస్థ, వెంచర్లు ఎక్కడో ఉండే ప్లాటు యజమానులవి. ఎవరికి వారు తమ ముక్క శుభ్రం చేసినా రెండు ముక్కల మధ్య సందు మిగులుతుంది, మంట ఆ సందులోంచే వస్తుంది. అందుకే బస్తీ అంచు వెంట ఒకసారి నడిచి, ఏ జాగా ఎవరిదో కాగితం మీద గీసుకుని, ఒక్కొక్కరికి విడివిడిగా దరఖాస్తు ఇవ్వాలి. నవంబర్‌లో ఇస్తే జనవరికి కదలిక వస్తుంది.

మన చేతిలో ఉన్న నేల కూడా ఒకటుంది, అది ఖబ్రస్తాన్. ఏడాదంతా ఎవరూ చూడని గడ్డిని షబె బరాత్‌కు రెండు రోజుల ముందు ఆదరాబాదరాగా కోసి, మూలన కుప్ప వేసి నిప్పు పెట్టడం చాలాచోట్ల అలవాటు. ఆ రాత్రి వేలమంది వస్తారు, సమాధుల దగ్గర అగర్‌బత్తీలు వెలిగిస్తారు. షబె బరాత్ 2024లోనూ, 2025లోనూ, 2026లోనూ ఫిబ్రవరిలోనే వచ్చింది, సరిగ్గా గడ్డి ఎండే వేళకు. చాంద్రమానం ప్రకారం ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరిగి మరికొన్నేళ్లకు అది డిసెంబర్‌లోకి పోతుంది. అప్పుడు ఆ శుభ్రత తర్వాత నాలుగు నెలల ఎండాకాలం ఖబ్రస్తాన్‌ను పట్టించుకునేవారు ఉండరు. కమిటీలు పండుగ తేదీని కాక జనవరి, మార్చి నెలలను గుర్తుపెట్టుకుని రెండుసార్లు కోయిస్తే మేలు. అగర్‌బత్తీలకు ఇసుక నింపిన తొట్లు పెడితే చాలు.

విమానాశ్రయం పక్కన ఉండటంవల్ల మనకు ఒక అదనపు నిబంధన కూడా ఉంది. విమానాశ్రయానికి పది కిలోమీటర్ల లోపు చెత్త, జంతువుల వ్యర్థాలు బయట పడేయకూడదు. పక్షులు చేరి విమానాలకు తగులుతాయన్నది దాని కారణం. బక్రీద్ వచ్చినప్పుడు ఈ మాట అందరికీ గుర్తు చేస్తారు. చెత్తకుప్ప లేకపోతే పక్షి రాదు, నిప్పూ పుట్టదు. ఈ నిబంధనను అధికారులకు మనమే గుర్తు చేసి కుప్పలు ఎత్తించుకోవచ్చు.

ప్యారడైజ్ పట్టణంలో చాలామందికి హెచ్చరిక అందనే లేదు. ఫోన్లకు పంపిన సందేశాలు సగంలో ఆగిపోయాయి. మన బస్తీల్లో సైరన్ స్తంభం కొనక్కర్లేదు, మస్జిద్ మైకు ఉంది. ముఅజ్జిన్ సాబ్ దగ్గర రెండు వాక్యాలు రాసిపెట్టి ఉండాలి: మంట ఎటువైపు ఉంది, జనం ఎటు పోవాలి. ఉర్దూలో, తెలుగులో, హిందీలో. పక్కనే చేలకు మందు కొట్టే వీపు స్ప్రేయర్లు, కొత్తవి, నీళ్లతో నింపినవి రెండు మూడు ఉంచితే, ఎగిరొచ్చి పడిన రవ్వలను కుర్రవాళ్లు అక్కడికక్కడే ఆర్పగలరు. తడి గోనె సంచులు, పచ్చి వేప కొమ్మలు కూడా పనిచేస్తాయి. మంట నడుము ఎత్తు దాటితే మాత్రం ఎవరూ ఎదురెళ్లకూడదు, గ్యాస్ సిలిండర్ కోసం కూడా లోపలికి పోకూడదు.

ఒక విషయం మనలో ఎక్కువమంది ఆలోచించరు: కాగితాలు. బాలాపూర్ వైపు వెదురు, పట్టాలతో కట్టుకున్న గుడిసెల్లో రోహింగ్యా శరణార్థి కుటుంబాలు ఏళ్లుగా ఉంటున్నాయి. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ కాళిందీ కుంజ్ దగ్గర ఇలాంటి శిబిరమే ఒక్క రాత్రిలో కాలిపోయింది, రెండు వందల మందికి పైగా నిరాశ్రయులయ్యారు. గుడిసెలు మళ్లీ లేచాయి. కానీ ఐక్యరాజ్యసమితి ఇచ్చిన శరణార్థి కార్డులు కాలినవారు, తాము ఎవరో మొదటి నుంచి నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల స్కూలు సర్టిఫికెట్ పోగొట్టుకున్న మన కూలి కుటుంబాలకూ ఆ తిరుగుడు తక్కువేమీ కాదు. ప్రతి ఇంటి కాగితాలకు ఫోటో తీసి, నకళ్లు మస్జిద్ బీరువాలో ఒకటి, సంఘం కార్యాలయంలో ఒకటి ఉంచడానికి ఒక ఆదివారం చాలు.

మంట కనిపించగానే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి, ఎవరో చేసి ఉంటారులే అనుకోకూడదు. కాలనీ పేరు మాత్రమే చెబితే ఇంజన్ మెయిన్ రోడ్డు మీద వెతుక్కుంటుంది, ఒకే పేరుతో రెండు మూడు కాలనీలు ఉన్న ప్రాంతం మనది. దగ్గరి మస్జిద్, పెట్రోలు బంకు లేదా ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ చెప్పి, ఒక కుర్రవాణ్ణి బండి మీద మలుపు దగ్గర నిలబెట్టాలి. పెద్ద ఇంజన్ పట్టే దారి ఏదో, గల్లీలో ఏ గేటు తాళం ఎవరి దగ్గర ఉందో ఆ కుర్రవాడికి ముందే తెలిసి ఉండాలి.