వార్ధక్య వైద్యము - మన పెద్దల మాట

పాఠశాల వార్షిక సంచికలో ముసలివారి వైద్యమును గూర్చిన వ్యాసమేల యని తల్లిదండ్రులలో కొందరు అడుగవచ్చును. ఉదయము పిల్లలను బడిలో దిగవిడుచువారిలోను, సాయంకాలము గేటువద్ద వేచియుండువారిలోను తాతయ్యలు, నాయనమ్మలు, అవ్వలు ఎందరున్నారో చూచినవారికి ఈ ప్రశ్న పుట్టదు. మన పిల్లలకు మొదట తెలుగు నేర్పినవారు వారే. అట్టి పెద్దలకు దీర్ఘవ్యాధులు పట్టుకొనినపుడు ఇంటిల్లిపాది పనియు, పిల్లవాని చదువును కుంటుపడును. కావున ఇది బడికి సంబంధించిన విషయమే యని మేము తలంచుచున్నాము.

రాయచూరు జిల్లాలో తెలుగువారు ముఖ్యముగా రెండు తెగలుగా నున్నారు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. రాష్ట్రముల పునర్విభజనలో ఆలంపురము, గద్వాల తాలూకాలు ఆంధ్రప్రదేశమునకు పోగా తక్కిన జిల్లా మైసూరు రాష్ట్రమున చేరెను. తరతరములుగా సరిహద్దున నున్న తెలుగు కుటుంబములు పెక్కు ఇచ్చటనే నిలిచినవి. రెండవ తెగవారు తుంగభద్ర నీటి వెంట వచ్చినవారు. ఆనకట్ట 1953లో పూర్తియైన పిదప, ఎడమ కాలువ క్రింద సింధనూరు, మాన్వి ప్రాంతములలో భూములు సంపాదించి, కోస్తా జిల్లాల రైతులు క్యాంపులు కట్టుకొని మాగాణి సాగునకు దిగిరి. 1960 ప్రాంతమున ఇరువదియేండ్ల ప్రాయమున వచ్చినవారు నేడు ఎనుబది దాటినవారు. వారికి బజారు కన్నడము వచ్చును, పొలము కన్నడము వచ్చును. కాని నొప్పి కలిగినపుడు నోట వచ్చునది తెలుగే.

"వయసు మీరినది, ఇంతే" యను మాట మన ఇండ్లలోను, వైద్యుల నోటను తరచు వినబడుచుండును. ఈ మాటను ఎదిరించుటతోనే వార్ధక్య వైద్యము పుట్టినదని చెప్పవచ్చును. వియన్నాలో జన్మించి న్యూయార్కులో వైద్యము చేసిన ఇగ్నాజ్ నాషర్ 1909లో ఈ శాస్త్రమునకు జీరియాట్రిక్స్ అను పేరు పెట్టెను. పిల్లల శరీరము పెద్దల శరీరమునకు చిన్న నమూనా కానట్లే, వృద్ధుల శరీరమునకును తనదైన తీరు కలదని ఆయన వాదము. 1935లో లండనునందలి వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జొరీ వారెన్ అను వైద్యురాలు, ప్రక్కనున్న బీదల శాలలో మంచము పట్టియుండిన వందలకొలది వృద్ధులను తన చేతిలోనికి తీసికొనెను. ఒక్కొక్కరిని విడివిడిగా పరీక్షించి, లేపి కూర్చుండబెట్టి, నడిపించి, వారిలో పలువురిని ఇండ్లకు పంపగలిగెను. వారు లేవలేకపోయినది వయసు వలన మాత్రమే కాదు, ఎవరును లేపకపోవుట వలన కూడ. మన దేశమున 1978లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో డాక్టరు వి. ఎస్. నటరాజన్ గారు వృద్ధుల కొరకు ప్రత్యేక విభాగమును ఆరంభించిరి.

ఈ వైద్యమునకు ప్రత్యేకత ఎందున్నది? గుండె వైద్యుడు గుండెను చూచును, ఎముకల వైద్యుడు మోకాలును చూచును. వార్ధక్య వైద్యుడు మనిషినంతటిని ఒక్కచోట చూచును. 2017-18లో దేశమంతట 45 ఏండ్లు నిండిన 72,000 మందికి పైగా జరిపిన పరిశీలనలో, 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 75 మందికి ఏదో యొక దీర్ఘవ్యాధి యున్నట్లు తేలినది. ఒక్క వ్యాధితో ఆగువారు అదృష్టవంతులు. చక్కెర వ్యాధి, రక్తపోటు, కీళ్ళ నొప్పులు, చూపు మందగించుట - ఇవి కలిసియే వచ్చును.

ఒక నాయనమ్మను ఊహింతము. రక్తపోటునకు సింధనూరులో ఒక వైద్యుడు మాత్ర ఇచ్చెను. అమ్లోడిపిన్ అను ఆ మాత్ర మంచిదే, ఎందరో వాడుచున్నారు. కాని కొందరికి దానివలన పాదములు వాచును. వాపును చూచి మరియొక వైద్యుడు మూత్రము అధికముగా పోవు మాత్ర వ్రాసెను. ఆ వాపు అట్టి మాత్రకు అంతగా లొంగునది కాదు; బిళ్ళ మాత్రము జాబితాలో నిలిచిపోయెను. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకొనిన మాత్రలు వేరు. అవి ఒంటిలో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచును, మూత్రపిండములకు కీడు చేయును. పెరిగిన రక్తపోటును చూచి మొదటి వైద్యుడు ఇంకొక మాత్ర చేర్చెను. ఇంతలో మన జిల్లా వేసవి వచ్చినది. ఎండ 40 డిగ్రీలు దాటిన దినములలో ఒంటి నీరు చెమటగా కొంత, మాత్ర వలన కొంత పోయినది. రాత్రి మూత్రమునకై లేచిన ముసలామె కళ్ళు బైర్లు కమ్మి పడిపోయెను. తుంటి ఎముక విరిగెను. ఇంటివారు జారిపడినదనుకొందురు. ఏ వైద్యుడును ఇందు తన వరకు తప్పు చేయలేదు. మందు పుట్టించిన బాధకు మరియొక మందు చేరుచు వచ్చినది, అంతే. మొత్తమును చూచినవారు లేకపోయిరి.

ఇట్టి ఆపదలు ఎంత సాధారణములో గ్రహించియే, 1991లో అమెరికా వైద్యుడు మార్క్ బీర్స్ వృద్ధులకు సాధ్యమైనంతవరకు ఇయ్యరాని మందుల పట్టికను సిద్ధపరచెను. అది నేటికిని సవరింపబడుచు వాడుకలో నున్నది. మనము వట్టి జలుబు బిళ్ళ యనుకొను క్లోర్‌ఫెనిరమైను అందులో నున్నది. అది ముసలివారికి మత్తును, మతి తడబాటును కలిగింపగలదు. మగవారికి మూత్రము బంధింపగలదు. చక్కెర వ్యాధికిచ్చు గ్లిబెన్‌క్లమైడు కూడ అట్టిదే. దాని ప్రభావము చాలసేపు నిలుచుట చేత, పెద్దలు ఒకపూట భోజనము మానినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. ఎనుబదియేండ్ల వానికి చక్కెర నలుబదియేండ్ల వానికి వలె బిగించి యుంచనక్కర లేదని వార్ధక్య వైద్యుల మతము. అట్లని ఈ వ్యాసము చదివి ఇంటివద్ద ఎవరును మాత్రలు ఆపివేయరాదు. కొన్నింటిని హఠాత్తుగా మానుట మరింత అపాయము. వైద్యుని అడుగుటకు మాత్రమే మేము చెప్పుచున్నాము.

అడుగవలసిన పరీక్షలు రెండు కలవు, ఖర్చు లేనివి. పడుకొనినపుడు ఒకసారి, లేచి నిలిచిన మూడు నిముషములలోగా మరియొకసారి రక్తపోటు కొలువుమనవలెను. పై సంఖ్య 20 లేక అంతకుమించి పడిపోయినచో మందుల విషయము ఆలోచింపవలసినదే. రెండవది కుర్చీ పరీక్ష. కుర్చీనుండి లేచి, మూడు మీటర్లు నడచి, తిరిగివచ్చి కూర్చుండుటకు 12 సెకండ్లు గాని అంతకు మించి గాని పట్టినచో పడిపోవు భయము ఎక్కువ.

సెలైను సంగతి కూడ ఇచ్చటనే చెప్పవలెను. నీరసముగా నున్నదని సీసా ఎక్కించుకొనుట మన పల్లెలలోను, క్యాంపులలోను పెద్ద నమ్మకము. గుండె బలహీనమైన వృద్ధునికి ఆ నీరు ఊపిరితిత్తులలో చేరి ప్రాణము మీదికి రావచ్చును. బలము సీసాలో లేదు.

ఇక భాష. వార్ధక్య వైద్యునికి యంత్రములకంటె ముందు కావలసినది రోగి చెప్పు కథ. ఎప్పుడు మొదలాయెను, ఏమి చేసినపుడు హెచ్చును, రాత్రి నిద్ర ఎట్లున్నది - వీనినుండియే సగము నిర్ణయము జరుగును. మన పెద్దలకు ఇచ్చటనే చిక్కు. తెలుగు కన్నడములు అక్కచెల్లెండ్రని మనము గర్వింతుము. నిజమే. కాని అక్కచెల్లెండ్ర పోలికయే ఒక్కొక్కసారి మోసగించును. కొత్త మాట వినినవాడు అర్థము అడుగును. తెలిసిన మాట వలె వినబడినచో అడుగడు.

తెలుగు తాతయ్య "ఆయాసముగా నున్నది" అనును. ఊపిరి అందుట లేదని ఆయన భావము. కన్నడమున ఆయాస మనగా అలసట. వైద్యుడు ఆ మాట విని, ఈ వయసున అలసట సహజమేగదా యని బలపు మాత్ర వ్రాయవచ్చును. మెట్లెక్కునపుడు ఊపిరాడకపోవుట, తలగడలు రెండు లేనిదే పడుకొనలేకపోవుట గుండె బలహీనతకు మొదటి హెచ్చరికలు. అవి ఒక్క మాట తేడాలో జారిపోవును. ఇట్లే తెలుగున సుస్తీ యనగా జబ్బు; కన్నడమున సుస్తు అనగా బడలిక. మూత్రమున ఉరి యున్నదా యని వైద్యుడు అడుగును. కన్నడమున ఉరి యనగా మంట. మన అవ్వకు ఉరి యనగా మెడకు వేయు త్రాడు! ఆమె భయపడి లేదనును. నవ్వు వచ్చు మాటయే. కాని ఆ మంట వెనుక మూత్రకోశపు వ్యాధి యుండినచో నవ్వవలసినది కాదు.

అట్లని పిల్లవానిని దుబాసీగా కూర్చుండబెట్టుట మేలని మేమనము. రెండు భాషలు చదివిన మనవడు మందుల చీటీ చదివి చెప్పుటకు, వేళకు మాత్ర గుర్తుచేయుటకు ఎంతయు ఉపయోగపడును. కాని పదియేండ్ల మనవని ఎదుట, తనకు మూత్రము ఆగుటలేదని చెప్పుకొను నాయనమ్మ ఎక్కడనున్నది? ప్రాణాపాయమైన వ్యాధి పేరును తాతగారికి వినిపించు భారము ఆ పసివానిపై పెట్టుట న్యాయమా? అట్టి మాటలకు పెద్దవారే తోడు పోవలెను. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. బడికి కలిగిన ఈ ఆసరా ఆసుపత్రి మంచమునకు లేదు. కావున ఆ పని కుటుంబముదే.

మతి పరీక్షలలో భాష మరింత ముఖ్యము. తెలియని భాషలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పనివానికి మతి పోయినదని వ్రాసికొనుట అన్యాయము. చదువురాని గ్రామీణుల కొరకు 1995లో హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున హిందీలో ఒక పరీక్షను ప్రత్యేకముగా రూపొందించుటకు కారణమిదే. తెలుగున కూడ ఇట్టి పరీక్షలు హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో వాడబడినవి. అచ్చటనే డాక్టరు సువర్ణ అల్లాడి గారు, సహచరులు 648 మంది మతిమరుపు వ్యాధిగ్రస్థులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒక్క భాష మాత్రమే వచ్చినవారికంటె, రెండు లేక అంతకుమించి భాషలు మాటలాడువారిలో వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా కనబడెను. చదువురానివారిలోను ఈ తేడా యుండెను. వేరుచోట్ల జరిగిన పరిశీలనలన్నియు దీనితో ఏకీభవింపలేదు గనుక దీనిని మందుగా చెప్పరాదు. ఐనను తెలుగు, కన్నడము, దక్కనీ ఉర్దూ కలిపి మాటలాడు మన రాయచూరు అవ్వలకు ఇది వినదగిన వార్త.

వైద్యము ఎచ్చట దొరకును? 2010-11లో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమము ప్రకారము ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున వారమునకొకసారి, సముదాయ ఆరోగ్య కేంద్రమున వారమునకు రెండుసార్లు వృద్ధుల క్లినిక్కు, జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండవలెను. మీ సమీపమున ఆ క్లినిక్కు ఏ దినమున జరుగునో అడుగుడు. అడుగువారు లేనిచోట ఏదియు సరిగా నడువదు. రాయచూరులో 2007నుండి ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థ కలదు. తెలుగు మాటలాడు వైద్యులుందురని మనవారు కర్నూలు, హైదరాబాదు పోవుచుందురు. అది తప్పు కాదు. కాని దీర్ఘవ్యాధి ఒక్క ప్రయాణముతో తీరునది కాదు. శస్త్రచికిత్సకు ఎంత దూరమైనను పోవచ్చును. నెలనెల చూపించుకొనుటకు దగ్గరనున్న ఒక్క వైద్యుని నమ్ముకొని, దూరపు వైద్యులు వ్రాసిన కాగితములన్నియు ఆయన చేతికే ఇయ్యవలెను. వృద్ధుల సలహా సహాయములకు 14567 అను ఉచిత టెలిఫోను సంఖ్య కలదు.

పై తరగతుల పిల్లలకు ఇంటిపనిగా ఒక కాగితము వ్రాయింపవచ్చునని మా అభిప్రాయము. ఒక ప్రక్క ఇంటిపెద్ద వాడు మందుల పేర్లు - కంపెనీ పేరు గాక అసలు మందు పేరు ఇంగ్లీషులో, వేళలు తెలుగులో. రెండు కంపెనీల పేర్లతో ఒకే మందును రెండుమార్లు మ్రింగుచున్న ఇండ్లు లేకపోలేదు. రెండవ ప్రక్క బాధలు తెలుగున, ఎదుట కన్నడమున. ఆయాసమని ఊరకుండక "నడచినపుడు ఊపిరి అందదు" అని వ్రాయవలెను. ఆసుపత్రికి పోవునపుడు ఈ కాగితముతో బాటు ఇంటనున్న మందులన్నియు ఒక సంచిలో వేసికొని పోవలెను: కంటి చుక్కలు, నొప్పి తైలము, నాటువైద్యుడిచ్చిన పొడి, పొరుగింటివారు మంచిదని ఇచ్చిన రెండు బిళ్ళలు కూడ.