బోస్టన్ టీ పెట్టెలు, మన ఏలూరు సర్కారు

మా గూడెంలో కాలవ గట్టు మీద ఓ టీ బడ్డీ ఉంది. పొద్దున్నే ఆరింటికి అయిదారుగురం అక్కడ చేరతాం. జులై నాలుగు దాటాక ఓ రోజు మాలో ఓ పెద్దాయన ఫోను తీసి, డల్లాస్‌లో ఉన్న కొడుకు పంపిన వీడియో చూపించాడు. ఆకాశం నిండా తారాజువ్వలు. "వాళ్లకి మన ఆగస్టు పదిహేను లాంటిదంట" అన్నాడు. టీ కాసే కుర్రాడు గ్లాసులు కడుగుతా అడిగాడు: "టీ మీద పన్నేశారనే కదండీ వాళ్లు తిరగబడింది? టీ పొడి మీద పన్ను నేనూ కడతన్నాను. నాకెప్పుడూ అంత కోపం రాలేదే!"

అందరం నవ్వాం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను బళ్లో చదివింది పదో తరగతి దాకానే. మిగతాదంతా గ్రంథాలయాల్లోనూ పాత పుస్తకాల కొట్లలోనూ ఏరుకున్నదే. అలా ఏరుకుంటా ఉంటే ఓ తేదీ కాడ ఆగిపోయాను.

1765 మార్చిలో లండన్ పార్లమెంటు స్టాంపు చట్టం చేసింది. ఫ్రాన్సుతో ఏడేళ్లు యుద్ధం చేసి 1763లో గెలిచింది గానీ నెత్తి మీద అప్పు మిగిలింది. మిమ్మల్ని కాపాడ్డానికి కూడా ఖర్చయింది కాబట్టి మీరూ వాటా వెయ్యండి అని అమెరికాలోని పదమూడు వలసల మీద పన్నేసింది. దస్తావేజుకి స్టాంపు, పత్రికకి స్టాంపు, ఆఖరికి పేకముక్కల కట్టకీ స్టాంపే.

అదే 1765లో, ఆగస్టు 12న, మొగలు పాదుషా షా ఆలం ఓ ఫర్మానా రాసి ఉత్తర సర్కారుల్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఆ అయిదు సర్కారుల్లో మన ఏలూరు సర్కారు ఒకటి. అప్పటికి పాదుషాకి ఇక్కడ పెత్తనమే లేదు, ఉన్నది నిజాముకి. అందుకని మరుసటేడు నవంబరులో కంపెనీ నిజాముతో ఇంకో ఒప్పందం రాసుకుంది, ఏడాదికింత కడతానని. రాసిచ్చింది ఒకడు, డబ్బు పుచ్చుకుంది ఇంకొకడు, శిస్తు వసూలుకి దిగింది మూడోవాడు. నాగలి పట్టినోణ్ణి మాత్రం ఏ కాయితంలోనూ ఎవరూ అడగలేదు.

మరి ఒకే ఏడు రెండు చోట్లా పెత్తనం మీద పడితే, అక్కడోళ్లు పదకొండేళ్లకి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు, మనకి నూట ఎనభై ఏళ్లు పైనే పట్టింది. వాళ్లు మనకన్నా ధైర్యవంతులనా? నేనైతే ఒప్పుకోను. వాళ్ల చేతిలో ముందే ఒక పనిముట్టుంది. ప్రతి వలసకీ సొంత శాసనసభ ఉండేది. రోడ్డెయ్యాలన్నా గవర్నరుకి జీతమివ్వాలన్నా ఆ సభే పన్ను వేసేది. ఓటున్నది ఆస్తున్న మగాళ్లకే అనుకోండి, అయినా అడిగే అలవాటంటూ ఒకటుంది. లండన్ పార్లమెంటులో చూస్తే వాళ్లకి ఒక్క సీటూ లేదు. మా మనిషే లేని సభ మా జేబులో చెయ్యెలా పెడద్ది అన్నది వాళ్ల తగువు. స్టాంపు ఏజెంట్ల ఇళ్ల మీద పడ్డారు, ఇంగ్లండు సరుకు కొనడం మానేశారు. 1766లో చట్టం రద్దయింది. కానీ అదే రోజుల్లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది: డబ్బు వదిలేశాం గానీ మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాదే అని. అసలు గొడవంతా అక్కడుంది.

ఇక టీ సంగతి. 1767లో గాజు, కాయితం, రంగులు, సీసం, టీ మీద సుంకాలేశారు. జనం మళ్లీ సరుకు కొనడం మానేస్తే 1770లో అన్నీ తీసేసి టీ మీద మాత్రం ఉంచారు. డబ్బుకన్నా హక్కు మిగలాలని ఉంచారది. ఇంతలో కంపెనీ దివాలాకొచ్చింది. బెంగాలుని పిండి పిప్పి చేసింది, 1770 కరువులో అక్కడ మూడో వంతు జనం పోయారని ఆ కంపెనీ పెద్ద వారన్ హేస్టింగ్సే రాశాడు. లండన్ గోదాముల్లో అమ్ముడుపోని టీ గుట్టలుగా పడుంది. దాన్ని నేరుగా అమెరికాలో అమ్ముకోమని 1773లో పార్లమెంటు కంపెనీకి వెసులుబాటిచ్చింది. దాంతో ధర తగ్గింది!

టీ బడ్డీ కుర్రాడికి నా జవాబు ఇదే: చవగ్గా వచ్చిన టీని పారబోశారు వాళ్లు. 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడలెక్కి 342 పెట్టెలు పగలగొట్టి నీళ్లలో పోశారు. అది అస్సాం టీ అనుకుంటారు చాలామంది. అప్పటికి అస్సాంలో తోటలే లేవు, అది చైనా టీ. కానీ ఓడలోకి ఎక్కించిన కంపెనీ మాత్రం ఏలూరులో శిస్తు వసూలు చేస్తన్న కంపెనీయే. ఆ సంగతి అక్కడ కొందరికి తెలుసు కూడా. జాన్ డికిన్సన్ అనే ఫిలడెల్ఫియా లాయరు ఆ ఏడే మారుపేరుతో ఓ కరపత్రం రాశాడు. ఆసియాలో జనాన్ని ఏం చేశారో చూశాం, ఇప్పుడు వాళ్ల కన్ను మన మీద పడింది అన్నది దాని సారం. మన తాతల గోడు వాళ్లకి హెచ్చరికగా పనికొచ్చిందన్న మాట. మనోళ్లకి మాత్రం వాళ్ల కబురు అందలేదు.

టీ పోసినందుకు శిక్షగా 1774లో బోస్టన్ రేవు మూసేశారు, ఆ వలస సభ అధికారాలు కోసేశారు. ఓ ఊరికి పడ్డ దెబ్బ చూసి పన్నెండు వలసలు ఫిలడెల్ఫియాలో సభ పెట్టుకున్నాయి. 1775 ఏప్రిల్లో తుపాకులు పేలాయి. అప్పటికీ విడిపోదామన్నోళ్లు తక్కువే. ఆ జులైలో కూడా రాజుకి వినయంగా అర్జీ పెట్టుకున్నారు. రాజు దాన్ని పుచ్చుకోనే లేదు, ఎదురు తిరుగుబాటుదార్లని చాటించాడు. 1776 జనవరిలో థామస్ పెయిన్ అనే ఆయన 'కామన్ సెన్స్' అని చిన్న పుస్తకం వేశాడు. పన్నెండు పదమూడేళ్లకే బడి మానేసి తండ్రి కాడ కార్సెట్లు కుట్టిన మనిషి. లాటిన్ ముక్కలు దట్టించకుండా కమ్మరికీ నావికుడికీ అర్థమయ్యేటట్టు రాశాడు: అసలు రాజెందుకు? అని. జనం భాషలో రాస్తే బరువుండదనే పండితులకి నేనెప్పుడూ ఈయన్నే చూపిస్తాను.

జూన్ 7న సభలో తీర్మానం పెట్టారు, జులై 2న ఓటేశారు, జులై 4న ప్రకటన పాఠం ఒప్పుకున్నారు. అందులో రాజు మీద ఇరవై ఏడు ఫిర్యాదులున్నాయి. ముందు మాత్రం ఒక సూత్రం చెప్పారు: మనుషులంతా సమానం, ప్రభుత్వానికి అధికారం వచ్చేది ఏలబడేవాళ్ల ఒప్పుదల నుంచే, అది చెడిపోతే మార్చుకునే హక్కు జనానిదే.

రాసిన జెఫర్సన్ ఇంట్లో బానిసలున్నారు. బానిస వ్యాపారాన్ని తిట్టిన ఓ పేరా చిత్తుప్రతిలో ఉంటే దక్షిణాది వలసలు పట్టుబట్టి కొట్టేయించాయి. ఆ నేల ఎవరిదో ఆ ఆదివాసుల్ని అదే కాయితంలో కనికరం లేని అనాగరికులన్నారు. ఆడాళ్ల ఊసే లేదు. అందుకే నేను ఆ ప్రకటనకి దణ్ణం పెట్టమని చెప్పను, చదవమంటాను.

తర్వాత జరిగింది మనకి బాగా తగిలింది. 1781లో యార్క్‌టౌన్‌లో ఓడి లొంగిపోయిన సైన్యం కారన్‌వాలిస్‌ది. అక్కడ ఓడినాయన్ని 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికి పంపారు. ఆయన 1793లో బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే 1802 నుంచి మన సర్కారుల్లోకీ తెచ్చారు. జమీందారుకి హక్కు పట్టా, కంపెనీకి కచ్చితమైన శిస్తు, రైతుకి ఇద్దరి బరువూ.

మన నేల మీద "మమ్మల్ని అడక్కుండా పన్నేంటి" అని ఊరికి ఊరే లేచిన రోజు కావాలంటే 1921 చీరాల-పేరాల చూడాలి. వద్దన్నా మునిసిపాలిటీ చేసి నాలుగు వేల పన్నుని నలభై వేలు చేస్తే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లకి తాళాలేసి బయటికొచ్చి రామనగర్ పాకల్లో పదకొండు నెలలున్నారు. టీ పారబొయ్యడం ఒక్క రాత్రి పని. ఇది ఎండా వానా కలిపిన పని.

మన అసలు ప్రకటన 1930 జనవరి 26ది. లాహోరు కాంగ్రెసు సంపూర్ణ స్వరాజ్యం అన్నాక, ఆ ఆదివారం దేశమంతా ఊరూరా సభలు పెట్టి ప్రతిజ్ఞ చదివారు. చెడ్డ ప్రభుత్వాన్ని మార్చే, రద్దు చేసే హక్కు జనానిదన్న మాట 1776 నుంచి నేరుగా వచ్చింది. కింద లెక్కలు మాత్రం మనవి: మనిషికి సగటున రోజుకి ఏడు పైసల రాబడి, పన్నుల్లో ఇరవై శాతం భూమి శిస్తు, మూడు శాతం ఉప్పు పన్ను, రాట్నం పోయి ఏడాదిలో నాలుగు నెలలు ఖాళీగా కూర్చునే రైతు. 1950లో రాజ్యాంగానికి ఆ తేదీ పెట్టింది అందుకే. ఇందులోనూ ఖాళీలున్నాయి. జమీందారు ఊసు లేదు, అంటరానితనం ఊసు లేదు.

ఖాళీలంటే నాకు కొల్లేరు గుర్తొస్తది. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలి, బయటి డబ్బుతో తవ్విన చెరువులు పోవాలని అప్పుడు మాట్లాడినోళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ పోయినేడు ఓ లంక ఊళ్లో అర్జీ రాసిపెట్టమంటే వెళ్లాను. రోడ్డు, మంచినీళ్లు, వేట హక్కు, పట్టాలు, ఒక్కొక్కటే చెప్తన్నారు, రాసుకుంటన్నాను. పద్నాలుగయ్యాక గుమ్మంలో కూర్చున్న ఓ మామ్మగారు ఆపారు. "బాబూ, గీత గీసేటప్పుడు మా గడపెక్కి ఎవుడూ అడగలేదు. అది పైన రాయి, ఒకటో నంబరేసి" అన్నారు.

కాయితం మార్చి మళ్లీ మొదట్నుంచీ రాశాను. సంతకాలకన్నా వేలిముద్రలే ఎక్కువ పడ్డాయి. ఆఫీసులో తీసుకున్నారు. రసీదు అడిగితే సోమవారం రమ్మన్నారు.