పాత కారులో పెట్రోలు కారడం

బ్రిటన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారును నేటికీ చాలామంది ఇంటి దగ్గరే బాగుచేసుకుంటారు. దీని పెట్రోలు పంపు విద్యుత్తుతో నడుస్తుంది. తాళం తిప్పగానే టిక్‌టిక్‌మని కొట్టుకుని, కార్బురేటర్ గిన్నె నిండాక ఆగుతుంది. ట్యాంకులో పెట్రోలు ఉండి, ఇంజను ఆడకపోయినా ఆ చప్పుడు ఆగలేదనుకోండి. కార్బురేటర్ పొంగుతోందా? అయితే గిన్నెలోని సూది వాల్వులో నలుసు పడి ఉండవచ్చు. పొంగకపోతే గొట్టాలను చూడాలి.

అక్కడ 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు దానికి తట్టుకోక బీటలు వారుతుంది. టేపు చుట్టడం దండగ. ఇథనాల్‌కు తట్టుకునే కొత్త గొట్టమే వేయాలి.

పనికి ముందు ఇంజను చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ విప్పండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకి దూరాన ఉన్న మంటనూ అందుకుంటుంది. అందుకే ఆరుబయటే పనిచేయాలి. గొట్టం బిగించి, తీగ తగిలించి, తాళం తిప్పి వినండి. ఈసారి చప్పుడు ఆగాలి.