ఆరు చిన్న బోల్టులు, ఎంత బిగువు?

సైకిల్ డిస్క్ బ్రేకు ప్లేటును హబ్‌కు పట్టి ఉంచే బోల్టులను ఎంత బిగించాలి?

సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్లు. కంపెనీని బట్టి అంకె మారుతుంది. షిమానో 2 నుంచి 4 చాలంటుంది, మగూరా 4 అంటుంది, స్రామ్ 6.2 దాకా వెళ్తుంది. ప్లేటుతో వచ్చిన కాగితంలో అంకె ఉంటే దాన్నే పాటించండి. కాగితం ఎప్పుడో పోయి ఉంటే 4 దగ్గర ఆపండి, 5 దాటనివ్వకండి.

ఇంత తక్కువేమిటి? ఆగాల్సింది మనిషి కదా!

ఈ అనుమానం వల్లే మన ఊళ్లలో చాలా హబ్‌లు పాడవుతున్నాయని నా అభిప్రాయం. గేరు సైకిల్ విప్పే చేయి తరచుగా మోటారు బైకుల మీద పని నేర్చుకున్న చేయి. బైకు డిస్కు బోల్టు లావు, దానికి కావలసిన బిగువు కూడా ఎన్నో రెట్లు ఎక్కువ. సైకిల్ బోల్టు మందం 5 మిల్లీమీటర్లే. “ఇంకో పట్టు పడితే పోయేదేముంది న్నా” అని పానా మీద ఒళ్లు మోపితే పోయేది చాలానే ఉంది. బోల్టు స్టీలు, అది దిగే మర మాత్రం అల్యూమినియం హబ్‌లో కోసింది. పోటీలో ముందు ఓడేది అల్యూమినియమే. బోల్టు తల అరిగితే కొత్తది వేసుకోవచ్చు. హబ్‌లో త్రెడ్ పోతే స్పోకులన్నీ విప్పి, కొత్త హబ్ వేసి రిమ్ము మళ్లీ కట్టించాల్సి రావచ్చు.

మరి ఈ కాస్త బిగువుతో ప్లేటు ఎలా నిలుస్తుంది?

బిగించినప్పుడు బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది, సాగిన బోల్టు ప్లేటును హబ్ మీదికి లాగి అదుముతుంది. 4 న్యూటన్ మీటర్ల దగ్గర ఒక్కో బోల్టు సుమారు 400 కిలోల బరువుతో అదిమినట్టు లెక్క. ఆరింటికి కలిపి రెండు టన్నుల పైచిలుకు. ఆ ఒత్తిడి వల్ల ప్లేటుకూ హబ్‌కూ మధ్య పుట్టే రాపిడే బ్రేకు బలాన్ని చక్రానికి అందిస్తుంది. ఉజ్జాయింపుగా 80 న్యూటన్ మీటర్ల మెలిని ఆ రాపిడి ఒక్కటే ఆపగలదు.

మదనపల్లె నుంచి కనిపించే హార్స్‌లీ హిల్స్ మీద ఈ లెక్క సరిచూద్దాం. ఏనుగు మల్లమ్మ కొండ అన్నా అదే. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు, వాలు నూటికి ఆరు అనుకుందాం. వేగం పెరగకుండా దిగడానికి చక్రం దగ్గర కావలసింది 20 న్యూటన్ మీటర్ల లోపే. అంటే ఘాటు దిగడం బోల్టులకు పెద్ద కష్టం కాదు. అక్కడ పరీక్ష వేడిది. సుమారు 1,265 మీటర్ల ఎత్తు నుంచి 700 మీటర్ల దగ్గరున్న మదనపల్లెకు దిగేసరికి వదిలించుకోవాల్సిన శక్తి లీటరున్నర చల్లటి నీళ్లను మరిగించేంత. అందులో గాలి కొంత పంచుకుంటుంది, మిగతాది చాలావరకు ప్లేట్లకూ ప్యాడ్లకూ చేరుతుంది.

బోల్టులకు అసలు పరీక్ష మలుపులో గొర్రెల మంద అడ్డొచ్చినప్పుడు. ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం మీద 150 న్యూటన్ మీటర్లు దాటవచ్చు. రాపిడి ఒక్కటే దాన్ని మోయలేదు. బోల్టు రంధ్రంలో ఉన్న కొద్దిపాటి సందు మేరకు ప్లేటు జరిగి బోల్టు ఒంటిని తాకుతుంది. అలా మాటిమాటికీ జరిగితే బోల్టులు వదులవుతాయి.

ఆ సందును ముందే పోగొట్టలేమా?

పోగొట్టవచ్చు, చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఆరు బోల్టులనూ చేత్తో తిప్పి ప్లేటును తాకేదాకా దించండి. గుడ్డ చుట్టుకున్న చేత్తో ప్లేటును చక్రం ముందుకు తిరిగే దిక్కుకు ఎదురుగా, ప్లేటు వైపు నుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగినట్టు, మెల్లగా తోసి పట్టుకోండి. బ్రేకు పడ్డప్పుడు ప్లేటు జరగాలనుకునే వైపు అదే. అలా పట్టుకునే కీ తిప్పండి. జరగాల్సినంతా ముందే జరిగిపోతుంది కాబట్టి తర్వాత జరగడానికి చోటుండదు.

వరసగా ఒకదాని పక్కన ఒకటి బిగించకండి. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది. రెండు మూడు విడతల్లో, ప్రతి విడతలో కొంచెం. ఒక పక్క ముందే బిగిస్తే ప్లేటు వాలి కూర్చుంటుంది. ప్యాడుకూ ప్లేటుకూ మధ్య ఉండే ఎడం మిల్లీమీటరులో చిన్న భాగం, అందుకే ఆ కాస్త వాలుకే చక్రం తిరిగినంతసేపూ షిక్ షిక్ అని గీసుకుంటుంది. అప్పుడు తప్పు కాలిపర్‌ది అనుకుని దాన్ని కదిలిస్తూ పూట గడిపేస్తారు.

మరల్లో నూనె, గ్రీజు వద్దు. జారుడు పెరిగితే అదే మెలికి బోల్టు ఎక్కువ సాగుతుంది. పైగా గ్రీజు ప్లేటు మీదికి పాకితే బ్రేకే ఉండదు. నీలం రంగు లాక్‌టైట్ ఒక చుక్క చాలు, ఎర్రది వద్దు.

టార్క్ పానా లేనివాళ్ల సంగతి?

సామాను తూచే కొక్కెం కాటా తెచ్చుకోండి. టీ25 స్టార్ కీ పొడుగు కాడను బోల్టు మధ్య నుంచి 10 సెంటీమీటర్లు కొలిచి గుర్తు పెట్టి, కొక్కేన్ని అక్కడ తగిలించి కాడకు నిలువుగా లాగండి. కాటా 4 కిలోలు చూపిస్తే బోల్టు మీద పడేది దాదాపు 4 న్యూటన్ మీటర్లు, 5 చూపిస్తే 5. కొన్నాళ్లకు ఆ బిగువు చేతికే తెలిసిపోతుంది.

ఒకసారి బిగిస్తే చాలా?

చాలదు. మొదటి ప్రయాణం మదనపల్లె నుంచి పుంగనూరు దాకా వెళ్లొచ్చి మళ్లీ చూడండి. ముందు బ్రేకు పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతూ, ఇంకొకరి వేలు ప్లేటు, హబ్ కలిసే చోట పెట్టించండి. వేలికి టక్ అని తగిలితే బోల్టు వదులైంది. అక్కడ తగలకుండా చప్పుడు మాత్రం వస్తుంటే హ్యాండిల్ కింది బేరింగులో చూసుకోవాలి.

బోల్టులకు బదులు మధ్యలో ఒకే పళ్ల రింగు ఉంటే అది సెంటర్ లాక్ రకం. దాని లెక్క వేరు, 40 న్యూటన్ మీటర్లు కావాలి.

ఒక బోల్టు త్రెడ్ పోయింది, ఐదింటితో నడపవచ్చా?

ఊళ్లో షాపు దాకా నెమ్మదిగా, రెండో చక్రం బ్రేకు మీద ఆధారపడి వెళ్లండి. కొండెక్కకండి. పోయిన మరలో కొత్త స్టీలు మర కూర్చోబెట్టే లేత్ పనివాళ్లుంటారు, ముందు వాళ్లను అడిగి చూడండి. మిగిలిన ఐదింటినీ మాత్రం ఆరోదాని బాకీ తీర్చాలని ఎక్కువ బిగించకండి.