రద్దీ రోడ్డుపై సైకిలు

బడికెళ్లే పిల్లవానికి సైకిలు కొనివ్వడం మన ఇళ్లలో చిన్న పండుగ. ఆటో కిరాయి మిగులుతుంది, ఒంటికి వ్యాయామమూ దొరుకుతుంది. అయితే హైదరాబాదు వంటి నగరంలో ఆ సైకిలు సాగవలసింది బస్సుల, లారీల నడుమనే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023లో ప్రారంభమైన మాట నిజమే. కాని మలక్‌పేటలో ట్యూషన్‌కు వెళ్లే బాలునికి దానివల్ల ఒరిగేదేముంది?

ఎదిగే పిల్లవాడు కదా అని పెద్ద సైకిలు కొనడం పొదుపు అనిపించుకోదు. సీటుపై కూర్చుంటే మునివేళ్లయినా నేలకు ఆనాలి. లేనిచో, హఠాత్తుగా ఆగవలసి వచ్చినప్పుడు వాహనాల వైపే ఒరిగిపోవచ్చు. ఆడపిల్లల సైకిలుకు చైన్ కవరు తప్పనిసరి. దుపట్టా కొసలు ముడివేసుకున్న తరువాతనే బయలుదేరాలి.

రోడ్డుపై మిక్కిలి ప్రమాదకరమైన చోటు, మలుపు తిరుగుతున్న బస్సుకు ఎడమ పక్క. సిగ్నలు వద్ద ఎడమ అంచున సందు కనబడితే ముందుకు దూరిపోవాలనిపిస్తుంది. అక్కడ ఉన్న సైకిలు డ్రైవరుకు అద్దంలో సైతం కనబడకపోవచ్చు. పైగా పొడవైన వాహనం ఎడమకు తిరిగేటప్పుడు, వెనుక చక్రం ముందు చక్రం వెళ్లిన దారిన రాదు. మూలను కోసుకుంటూ లోపలికి జరుగుతుంది. బస్సు ముందు భాగం దాటిపోయింది కదా అని నిశ్చింతగా ఉన్నవారిని ఆ వెనుక చక్రమే బలిగొంటుంది. కనుక బస్సు వెనుకనే ఆగడం పిల్లలకు నేర్పండి. ఆలస్యమైనందుకు మాస్టారు కోప్పడితే కోప్పడనివ్వండి!

ఆగి ఉన్న కార్లకు ఒక మీటరు ఎడంగా సాగాలి. ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. ఇది కారున్న తండ్రులకు కూడా చెప్పవలసిన మాటే. కుడివైపు తలుపును ఎడమ చేతితో తెరిచి చూడండి, ఒళ్లు తిరిగి చూపు దానంతటదే వెనుకకు మళ్లుతుంది. సైకిళ్లకు పేరుపొందిన నెదర్లాండ్స్‌లో డ్రైవింగ్ నేర్చుకునేవారికి ఈ అలవాటు చేయిస్తారు.

వానలో చక్రపు అంచు తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. నీరు నిలిచిన చోట గుంత ఉన్నదో, మూతలేని మ్యాన్‌హోల్ ఉన్నదో కనబడదు. దిగి నడిపించుకుపోవడమే మేలు.

ఫజ్ర్ నమాజుకు చీకటితోనే సైకిలుపై బయలుదేరే పెద్దలు ముందు తెల్లని దీపం, వెనుక ఎర్రదీపం పెట్టించుకోవాలి. రిఫ్లెక్టరు తనంతట తాను వెలగదు. ఎదుటి వాహనపు వెలుతురు పడితేనే మెరుస్తుంది. హెల్మెట్ నుదుటిని కప్పాలి, పట్టీ బిగిసి ఉండాలి.

సైకిలు కొన్న మొదటి వారం తండ్రో, అన్నయ్యో వెంట వెళ్లి, ఏ మలుపులో దిగి నడవాలో చూపించి రావాలి.